తలుపు ముందు పీట

బొగ్గింజన్ల కాలం. పాలమూరు స్టేషన్లో ఆడవాళ్ల వెయిటింగ్ రూంలో నా పక్కన ఒక నర్సమ్మ కూర్చుంది, యూదుల ఆవిడ. హైదరాబాద్ దవాఖానలో పనిచేస్తూ మన మాట నేర్చిందట. నా పసుపు కాళ్లు చూసి తమ పెళ్లిళ్ల ముచ్చట చెప్పింది.

"పెండ్లికి అందర్ని పిలుస్తం బిడ్డా. గని తంతు అయినంక పిల్లను, పిలగాన్ని ఒక అర్రల వెట్టి తలుపేస్తం. బయట కావలుంటం. పొద్దటిసంది ఉపాసమున్నోళ్లు, ఇద్దరే కూసొని తింటరు."

బయట బల్ల మీద మా ఆయన, పక్కనే మా అత్త. పెళ్లై వారమైనా ఆయనతో విడిగా ఒక్క మాటైనా మాట్లాడలేదు. నర్సమ్మను చూసి కుళ్లుకున్నాను.

ఏళ్ల తర్వాత నా కొడుకు పెళ్లిలో ఇద్దరినీ గదిలోకి పంపి, తలుపు ముందు పీట వేసుకుని నేనే కూర్చున్నాను. లోపల కోడలు నవ్వింది. నాకు మళ్లీ కడుపు మండింది.