వాడ బావి నీళ్లు

నల్లగొండ ఫైర్ స్టేషన్‌లో నేను దిగింది ఫాల్గుణం చివర, పగలు పదకొండు గంటలకు. అరవైల మొదటి సంవత్సరాల మాట. పటాలంలో ఏడేళ్లు చేసి బయటికి వచ్చాను. నెత్తిన రేకుపెట్టె, జేబులో ఉద్యోగపు కాగితం. స్టేషన్ అంటే ఒక రేకుల షెడ్డు, దాని కింద ఒక ఎర్ర బండి, పక్కన నలుగురు పడుకునే గది. ఎండకు కాలిన రేకు మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కేది.

బండి ట్యాంకులో నాలుగు వందల గ్యాలన్ల నీళ్లు. పైపు పూర్తిగా తెరిస్తే నాలుగైదు నిమిషాల్లో ఖాళీ. ఆ తరువాత ఏ బావినో కుంటనో వెతుక్కుని, సక్షన్ పైపు దించి, పంపుతో తోడుకోవాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఎర్ర బండి వస్తే నీళ్లు దానంతటవే వస్తాయని మీరంతా అనుకుంటారు.

మేం నలుగురం. డ్రైవరు, పంపు మనిషి, నేను, మా లీడర్. లీడర్ పాలమూరు మనిషి. మట్టిపనికి దేశాలు తిరిగిన ఇంటి నుంచి వచ్చాడు. చిన్నప్పుడు చెరువు కట్టల మీద మట్టి తట్టలు మోసిన మెడ, ఎద్దు మెడలా ఉండేది. మొదటి రోజే నన్ను బండి పక్కన నిలబెట్టాడు.

“తమ్మీ, పటాలంల దుష్మన్ ఎటు దిక్కున్నడో ఎరికైతది. ఈడ గాలి ఎటు తిరిగితె అటే దుష్మన్. ముందటోడు లోపలికి పోతె ఎనకోడు నీళ్లు పట్టుకోని ఉండాలె. గంతే. ఇంకేం నేర్సుకునేది లేదు.”

మూడో వారం. మధ్యాహ్నం రెండుంబావు. రోడ్డు పక్క పోస్టాఫీసు నుంచి ఫోన్. చిట్యాల దారిలో పన్నెండు మైళ్లు, అందులో చివరి మూడు మైళ్లు బండ్ల బాట. చేరేసరికి ముప్పయ్యారు నిమిషాలు. ఊరి పేరు రాయను. పటేలు మనవళ్లకు భయపడి కాదు. వాడ వాళ్లు ఇంకా ఆ ఊళ్లోనే బతకాలి.

కాలుతున్నది హరిజనవాడ. ముప్పై చిల్లర గుడిసెలు, అన్నీ తాటికమ్మల కప్పులే. పడమటి గాలి. మేం దిగేసరికి పదకొండు అంటుకున్నాయి. వాడ బావిలో అడుగున బురద తప్ప ఏమీ లేదు. వాడకూ ఊరికీ నడుమ పటేలు బావి ఉంది. రాతి కట్టడం. నిండా నీళ్లు, ఎండలో మెరుస్తున్నాయి. లీడర్ ఆ బావిని ఒక్కసారి చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే. నిప్పు లేచిన చోట నీళ్లు వద్దనే మనిషి ఉంటాడని ఆయనకు తోచలేదు.

“సక్షన్ గా బావిల దించుండ్రి. లోపల ఒక అవ్వ ఉన్నదంట. తమ్మీ, నాజిల్ పట్టుకోని నా ఎనకనే రా.”

ట్యాంకులో ఉన్న నీళ్లతో దారి చేశాను. ఆయన వంగి లోపలికి పోయాడు. నేను గడపలో నిలబడి ఆయన వీపు మీదుగా నీళ్లు కొడుతున్నాను. రెండు నిమిషాలు గడిచాయి. చేతుల్లో పైపు మెత్తబడింది. ధార సన్నగిలి, కారి, ఆగింది.

“నీళ్లు,” అన్నాడు లోపలి నుంచి. అరవలేదు. మామూలుగానే అన్నాడు.

వెనక్కి తిరిగి గొంతు చించుకున్నాను. బావి దగ్గర జరిగింది తరువాత పంపు మనిషి చెప్పాడు. పటేలు అడ్డంగా నిలబడ్డాడు. పక్కన కట్టెలు పట్టుకుని ఇద్దరు జీతగాళ్లు.

“గీ పైపు ఏ ఏ నీళ్లల్ల మునిగిందో ఎవలికెరుక? ఇది మేం తాగే బావి. దేవునికి గీ నీళ్లే పోస్తం. వాడకు పోయే పైపు ఇందుల పడనియ్య.”

“పటేలా, లోపల మా మనిషున్నడు. నీ కాల్మొక్త.”

“మొక్కితె మొక్కు. పైపు మాత్రం తీస్కపో.”

తొమ్మిది నిమిషాలు వాదన జరిగింది. డ్రైవరు గడియారం చూసి చెప్పిన లెక్క అది. చివరికి బండిని అర మైలు అవతల కుంటకు తిప్పారు. ఆలోగా లీడర్ వెనక మట్టిగోడను గొడ్డలితో పగలగొట్టి, ఆ కంతలోంచి అవ్వను బయటికి తోశాడు. ఆమె బతికింది. ఆయన మీద దూలం పడింది. నేను నీళ్లు లేకుండానే లోపలికి పోయాను. ఆయన్ను ఈడ్చుకొచ్చేసరికి నా మోచేతుల దాకా తోలు ఊడింది. వెనక్కి వచ్చే దారంతా డ్రైవరు ఒకటే మాట. “సాబ్, జర ఓర్సుకో. దవాఖాన వచ్చింది, జర ఓర్సుకో.” లీడర్ బండ్ల బాట దాటకముందే పోయాడని నాకు తెలుసు. డ్రైవరుకు చెప్పలేదు.

రిపోర్టులో పటేలు అడ్డుపడ్డాడని రాశాను. పై అధికారి చదివి కొట్టేశాడు. “ఊళ్లతోని రేపు మనకు పనుంటదయ్యా, గొడవలెందుకు” అని తనే చెప్పి రాయించాడు: ‘బావి యజమాని ఆచారరీత్యా పైపు దించుటకు సమ్మతించనందున నీరు ఆలస్యమైనది.’ కేసు లేదు, పంచాయితీ లేదు. నేను ఆ వాక్యాన్ని వేరే కాగితం మీద ఎత్తి రాసుకున్నాను.

లీడర్ బట్టల పెట్టెను పాలమూరు దాటి ఆయన ఊరికి నేనే తీసుకుపోయాను. ఆయన భార్య పెట్టె తెరవలేదు.

“గంత పెద్ద బండి పెట్టుకోని నీళ్లు లేవా?”

“దూరమైనయి వదినా.”

“ఎంత దూరం?”

పెట్టెను ఆమె ముందుకు జరిపి లేచాను. నిజం చెబితే ఆమె ఒక్కతే ఆ పటేలు ముందుకు పోయి నిలబడుతుందేమోనని భయం. అది ఒక సాకు. అసలు సంగతి, నాకు సిగ్గేసింది. తిరుగు బస్సులో ఒట్టు పెట్టుకున్నాను. ఆ పటేలు ఇల్లు తగలబడాలి. తగలబడినప్పుడు నేను అక్కడ ఉండాలి. ఆమెకు నిజం చెప్పేది ఆ తరువాతే.

ఆ తరువాత తొమ్మిది నెలలు మేం ముగ్గురం పని మానలేదు. గడ్డివాములు, గుడిసెలు, బావుల్లో పడ్డ ఎడ్లు, ఒక బోల్తా పడ్డ లారీ. పిలిస్తే పోయాం. మనుషుల్ని తీశాం. ఒక్కడూ దండ వెయ్యలేదు, మేమూ అడగలేదు. పంపు మనిషి పైపులు ఆరేస్తూ ఆరేస్తూ అట్లాగే నిలబడిపోయేవాడు. భుజం తడితే “ఒస్తున్న, ఒస్తున్న” అనేవాడు. డ్రైవరు కల్లు మరిగాడు. నాకు అన్నంలో పొగ వాసన కొట్టేది. సగం తిని లేచిపోయేవాణ్ని. పటాలంలో తుపాకి గుండ్ల కింద కూడా నాకు అట్లా కాలేదు. అక్కడ మావాణ్ని చంపినవాడి మీదికి పొమ్మని ఆర్డరు వచ్చేది. ఇక్కడ ఆర్డరు లేదు.

పుష్యమాసం. పొద్దున తొమ్మిదీ నలభై. మళ్లీ అదే పోస్టాఫీసు, అదే ఊరు. ఈసారి పటేలు ఇల్లు. జీతగాడి చుట్ట నిప్పు వరిగడ్డి వామికి, అక్కడి నుంచి ఇంటి చూరుకు. అటక మీద ఆముదాల బస్తాలు.

నాకు సంతోషమేసింది. దాచను. డ్రైవరు రోజూ తోలేంత తొందరగా తోలలేదు. నేనూ తొందరపెట్టలేదు. అప్పటికి బండి మీద పెద్దను నేనే.

దిగగానే ఇంట్లో మనుషులున్నారా అని రెండుసార్లు అడిగాను. లేరు. పశువులను విప్పేశారు. ట్యాంకు నీళ్లు వామి మీదే అయిపోయాయి. అంతవరకు నా ఉద్యోగం. పటేలు తలపాగా లేకుండా ఉరికి వచ్చాడు.

“బావి ఈడనే ఉన్నది. పైపు దించుండ్రి, జల్ది.”

“మీ బావిల దించొద్దని సర్కారు కాగితం మీద రాసి ఉన్నది పటేలా.”

“ఎప్పటి మాటో అది. దించుండ్రయ్యా.”

“రాసింది రాసినట్టే నడవాలె.” పంపు మనిషి వైపు తిరిగాను. “వాడ బావికి పో.”

వానలు బాగా పడ్డ ఏడాది. వాడ బావి అంచు దాకా నిండి ఉన్నది. అయినా అడగకుండా పైపు దించకూడదని నేను కూడా వెంట పోయాను. వాడంతా అక్కడే నిలబడి పొగను చూస్తున్నది.

“కాలనియ్యి అన్నా. మా గుడిసెలు కాలంగ వాడు సూసిండు గద, మేం గిట్లనే నిలవడి సూస్తం,” అన్నాడు ఒక పడుచువాడు.

నా మనసులో మాట అదే. ఔనని తల ఊపబోయాను. లీడర్ బయటికి తోసిన అవ్వ అక్కడ అందరికంటే ముందు కూచుని ఉంది.

“నోర్ముయ్యిరా. గాలి మల్లితె మల్ల మన కొంపలే అంటుకుంటయి. ముంచుకో కొడుకా. గా సాబు పేరు మీద ముంచుకో.”

పైపు మీద పైపు కలిపి పటేలు వాకిట్లోకి లాగాం. పటేలు బావి నుంచి అయితే రెండు పైపులు చాలు. దీనికి ఏడు పట్టాయి. నాలుగు నిమిషాలు ఎక్కువ. అటక కూలింది ఆ నాలుగు నిమిషాల్లోనే. కావాలనే చేశాను. నా వెనక పంపు మనిషి కూడా తెలిసే చేశాడు.

నాజిల్ పట్టుకుని, నీళ్లు వదలమని సైగ చెయ్యకుండా పటేలు ముందు నిలబడ్డాను.

“ఇవి వాడ బావి నీళ్లు. మీ ఇంటి మీద, మీ దేవుని అర్ర మీద పడతయి. పొయ్యాల్నా వద్దా? నోటితోని చెప్పాలె.”

వద్దు అనాలని నా కోరిక. ఒక్క మాట, వద్దు అంటే చాలు, పైపు కింద పడేసి బండెక్కి పోయేవాణ్ని. లీడర్ ప్రాణం తీసినంత పెద్ద ఆచారం కదా అది. ఇల్లు కాలినా సరే దాన్ని పట్టుకుని నిలబడతాడనుకున్నాను.

“ఏ నీళ్లయితేంది, పొయ్యిండ్రయ్యా!”

ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు. అంత తేలిక వ్యవహారం. తొమ్మిది నిమిషాలు కాల్మొక్కితే కదలనిది, తన చూరు అంటుకోగానే ఊడిపోయింది. ఆ నాజిల్‌తోనే వాడి నెత్తి పగలగొట్టాలనిపించింది. చెయ్యి పైకెత్తాను. బావి దగ్గరి నుంచి పంపు మనిషి దాన్ని సైగ అనుకుని నీళ్లు వదిలాడు. ధార వచ్చి నన్ను వెనక్కి నెట్టింది. ఇక కొట్టక తప్పలేదు. గోడలు, ధాన్యం గరిసెలు, దేవుని గది, అన్నీ తడిపాను. నిప్పు ఆరిన తరువాత కూడా చాలాసేపు తడిపాను.

పన్నెండు కావస్తుండగా చల్లారింది. పటేలు పొగకు దగ్గుతూ వచ్చాడు. రెండు పైపులు కలిసే చోట అతుకు కారుతున్నది. అక్కడ గొంతుక్కూచుని, దోసిలి పట్టి తాగాడు. మూడు దోసిళ్లు. మీసాలు తుడుచుకున్నాడు.

“నీళ్లు సల్లగున్నయి,” అన్నాడు నాతో, మామూలుగా, పక్కింటివాడితో అన్నట్టు.

వాడికి గుర్తు కూడా లేదు.

ఆలస్యం ఎందుకైందని పై అధికారి అడిగాడు. “పైపు అతుకు పట్టేసింది సార్,” అన్నాడు డ్రైవరు నాకంటే ముందే. రాసుకున్నారు.

వేసవికి రాజీనామా ఇచ్చాను. ఇంటికి పోయే ముందు పాలమూరు బస్సెక్కాను. లీడర్ భార్య వాకిట్లో జొన్నలు చెరుగుతున్నది. ఈసారి అంతా చెప్పాను. నీళ్లు నూటయాభై అడుగుల దూరంలోనే ఉన్నాయని చెప్పాను. పటేలు ఏమన్నాడో, పంపు మనిషి ఎట్లా మొక్కాడో, ఇల్లు ఎట్లా కాలిందో, చివరికి వాడు ఆ నీళ్లే తాగాడని కూడా చెప్పాను. ఆమెకు కొంచెమైనా కడుపు చల్లబడుతుందనుకున్నాను. చేట పక్కన పెట్టింది.

“ఎట్ల తాగిండు?”

అర్థం కాలేదు. మళ్లీ అడిగింది. నేను గొంతుక్కూచుని, రెండు చేతులూ దగ్గర చేర్చి, నోటి దాకా తెచ్చి చూపించాను. ఆమె నా ముఖం చూడలేదు. నా ఖాళీ దోసిలిని చూసింది. నేను చేతులు దించాక కూడా అవి ఉన్న చోటునే చూస్తూ ఉంది.

చౌటుప్పల్‌లో బస్సు దిగి ఇంటికి నడిచాను. మా బాపు గొర్ల మంద దగ్గరి నుంచి లేచి వచ్చి, ఇంక యాడికీ పోకు బిడ్డా అన్నాడు. పోలేదు. గొర్లు కాచాను, పిల్లల్ని పెంచాను. ఆ పటేలును ఈ రోజుకూ క్షమించలేదు, క్షమించను. కాలువ దగ్గర దాహమైతే అందరూ వంగి దోసిలితో తాగుతారు. నేను చెంబు కోసం ఇంటిదాకా నడుస్తాను. రెండు చేతులు దగ్గరికి చేరిస్తే చాలు, ఆమె వాటిలోకి చూస్తూ ఉంటుంది.