పళ్లెం లేచేదాకా

ఈ ఉదయం సాధన మైదానంలో కాలిన తూటా మందు వాసన తగలగానే నాకు వేరుశనగ నూనె వాసన గుర్తొచ్చింది. మా గురువు చెన్నకేశవ శెట్టిగారి చొక్కాకు ఎప్పుడూ ఆ రెండు వాసనలూ కలిసే ఉండేవి. గుత్తిలో ఆయనకు నూనె మిల్లు. చీమను తొక్కితే లెంపలేసుకునే ఇల్లు. ఆయన చేతిలో మాత్రం తుపాకీ. ఇంట్లోవాళ్లు సణిగితే, "మట్టి పళ్లేనికి ప్రాణముండాదా?" అనేవారు.

బెళుగుప్ప దగ్గర మా చేనికి మిల్లు కోసం వేరుశనగ కాయలు చూడటానికి వచ్చి, నేను వడిసెలతో జొన్న మీది పిట్టలను తోలడం చూశారాయన. "ఏమప్పా, నీ బిడ్డకు తుపాకీ నేర్పిస్తా, పంపిస్తావా?" అని నాయనను అడిగారు. నాయన తల గోక్కున్నాడు. "దాని చెయ్యి ఒక్క నిమిషం ఆగదన్నా." శెట్టిగారు నవ్వారు. "ఆగేదే నేర్పిస్తాలే."

ఆయన నేర్పిన స్కీట్ అనే పోటీలో మనం కేక వేస్తే గాలిలోకి మట్టి పళ్లెం లేస్తుంది. వెంటనే లేవచ్చు, మూడు సెకన్లకు లేవచ్చు. అది కనబడేదాకా తుపాకీ మడమ నడుము దగ్గరే ఉండాలి. వయసులో ఉన్నప్పుడు ఆయన ఎంపిక పోటీలో తొందరపడి తుపాకీ ముందే లేపారట. ఆ పళ్లెం లెక్కలోకి రాలేదు, దేశం జట్టులో చోటూ పోయింది. అందుకే ఊరి బయట బీడులో పళ్లేన్ని ఎగరేసే మీట తన చేతిలో పెట్టుకుని నన్ను ఏడిపించేవారు. నేను కేక వేస్తే ఆయన తాపీగా గుత్తి కోట వైపు చూసేవారు. నాకు ఒళ్లు మండేది. "నొక్కు మామా!" అంటే, "వాన కోసం ఏడాదంతా మోడం దిక్కు చూసే ఊరి బిడ్డవు, ఇంతసేపు ఆగలేవా?" అనేవారు.

జట్టు ఎంపిక పోటీలు ఢిల్లీలో జరిగినప్పుడు ఆయన అనంతపురం ఆసుపత్రిలో ఉన్నారు. చివరి పళ్లెం మిగిలింది. అది పగిలితే చోటు నాది. కేక వేశాను. రాలేదు. చేతులు పైకి లాగుతున్నాయి. ఆయన మాట గుర్తొచ్చి బిగబట్టుకున్నాను. పళ్లెం లేచింది, పగిలింది. వెంటనే నాయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

గుత్తి స్టేషన్లో రైలు దిగితే నాయన ఒక్కడే ఉన్నాడు. మొహం చూడగానే అర్థమైంది.

"రాత్రి పోయినాడు పాపా. నువ్వు గెలిచినావని ముందే చెవిలో చెప్పినా. 'ఆగిందా?' అని ఒకటే మాట అడిగినాడు. 'చెయ్యి ఆగిందంటన్నా' అంటే నవ్వినాడు."

జట్టు కోటు ఆయనకు చూపించలేకపోయానన్న దిగులు నన్నింకా వదల్లేదు. తర్వాత చాలా దేశాల్లో కాల్చాను, పతకాలూ వచ్చాయి. ఎక్కడ నిలబడి కేక వేసినా, మీట ఆయన చేతిలోనే ఉన్నట్టు, ఆయన తాపీగా కోట వైపు చూస్తున్నట్టు ఉంటుంది. తోటివాళ్లంతా పళ్లెం త్వరగా లేవాలని కోరుకుంటారు. నాకైతే ఇంకాస్త ఆలస్యమైతే బాగుండుననిపిస్తుంది.