ప్రార్థన చేయించిన బాణాలు

కొత్తగా పత్రికలో చేరిన కుర్రాడికి తెలియని సంగతంటూ లోకంలో ఉండదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, ఆ రోజుల్లో నేనూ అలాంటివాణ్ణే. బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఒక చిన్న పత్రికకు నిమ్‌పురా వైపు వార్తలు రాసేవాణ్ణి (వార్తలంటే మరేం లేదు, కొళాయిలు ఎండిపోవడం, రైలు గేటు దగ్గర బ్యాటరీతో నడిచే టోటో బళ్లు ఇరుక్కుపోవడం). చేతిలో ఫోను, ఫోనులో లోకమంతా. ఇక సలహాలకు కొదవేముంది? యార్డులో షంటింగు పని చేసి అలిసిపోయి వచ్చిన నాన్నకు బోగీలు ఎలా తగిలించాలో చెప్పబోయిన ఘనుణ్ణి.

మా అక్క విలుకత్తె. వెదురు విల్లు పట్టి, గడ్డి బోర్డు మీద అంటించిన రంగుల చక్రాన్ని కొట్టేది. ఆ ఏడు జిల్లా జట్టు ఎంపికలు దగ్గరపడ్డాయి. వయసు దాటిపోతోంది కనుక అక్కకు అదే ఆఖరి అవకాశం. జట్టులోకి వస్తే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగానికి దారి దొరుకుతుంది, రాకపోతే విల్లు అటక మీద పెట్టి తాల్‌బగీచాలో బట్టల కొట్టులో పనికి వెళ్లాల్సిందే. చూస్తే అక్క బాణాలు సన్నగా, రంగు పోయి, ఈకలు చిరిగి, పొయ్యిలో పెట్టడానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపించేవి. నా మొదటి జీతంతో కొత్తవి కొందామనుకున్నాను. అక్కనే అడగొచ్చుగా అంటారేమో. అడిగితే ఇక ఆశ్చర్యపడేదెవరు?

మంచి బాణం ఎలా ఉండాలని ఫోనులో వెతికితే, ఎక్కడో అడవుల్లో వేటాడే పెద్దమనిషి ఒకాయన ఎంతో ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. బాణం బరువుగా ఉండాలట, వంచినా వంగకూడదట, మొన మరీ బరువుండాలట. అప్పుడే అడవిపంది ఎముక దాటి దిగుతుందట. అది వేట పాఠమని నాకు తెలియకపోలేదు. పందిలో దిగిన బాణం గడ్డిలో దిగదా అనుకున్నాను. కోల్‌కతా వెళ్లి, కొట్టులో అన్నిటికన్నా లావుపాటి కర్ర బాణాలు, ఇనుప మొనలవి, ఏరి మరీ తెచ్చాను.

ఆ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. కుక్కరైనా సైకిలైనా, అయ్యగారి చేత ప్రార్థన చేయించనిదే మా అమ్మ వాడనిచ్చేది కాదు. బాణాల కట్ట తెచ్చి ఆయన ముందు పెట్టింది. పాస్టరు అయ్యగారు మొనల వైపు చూసి కాస్త వెనక్కి జరిగారు.

“ఇవి దేన్నైనా చంపడానికా అమ్మా?”

“అయ్యో, నేదయ్యగారూ! గడ్డి బోర్డుకే. మా పిల్లకి సెలక్షనండి.”

ఆయన తేలికపడి, సుదీర్ఘంగా ప్రార్థించారు. మధ్యలో నేను ఒక కన్ను తెరిచి చూస్తే (ఆ వయసులో నా ప్రార్థన అలాగే ఉండేది) అక్క ఒక బాణాన్ని రెండు చేతులా పట్టుకుని వంచి చూస్తోంది. అది వంగలేదు. నా మొహం వైపు చూసింది. కళ్లు మూసుకుని అందరితో పాటు ఆమెన్ అంది.

మర్నాడు మైదానంలో మొదటి బాణం బోర్డు దాకా వెళ్లకుండానే నేలకు దిగింది. రెండోది ఎడమకు తిరిగి కంచెలో గుచ్చుకుంది. కంచె అవతల మేక మేపుకుంటున్న బెంగాలీ దీదీ, నా మేకో అని కేకలు పెట్టింది: “ఓ దాదా! ఆమార్ ఛాగోల్!”

“పందికని తెస్తే మేక దొరికేట్టుందిరా,” అంది పొద్దున్నే నా పంది పాఠమంతా విన్న అక్క.

“గట్టిగా లాగక్కా. నువ్వు లాగడంలోనే ఏదో తేడా ఉంది.”

“లాగడం కాదురా బాబూ. నా విల్లు లైటు. దానికి సన్నపు బాణం కావాల. వదిలినప్పుడు కూసింత వంగాల. వంగకపోతే పక్కకి ఎల్లిపోతాది.”

“మరి నిన్ననే సెప్పలేదేటి?”

“అయ్యగారు అంతసేపు ప్రార్థన సేసినారు, నువ్వేమో అలా నవ్వుతా నిలబడ్డావు. ఆమెన్ అనేసినాక ఏటి సెప్తాను?”

అసలు చిక్కు అదే. ప్రార్థన చేసినవాటిని పక్కన పెడితే దేవుడేమనుకుంటాడని అమ్మ భయం, నేనేమనుకుంటానని అక్క భయం. నేనొక్కణ్ణే నిర్భయంగా ఉన్నాను. ఎంపికల రోజు అక్క ఆ బరువు బాణాల సంచే భుజాన వేసుకుని టోటో ఎక్కింది. ఎక్కబోతున్న అమ్మ ఏమనుకుందో గభాల్న లోపలికి వెళ్లి, పాత బాణాలు కొంగులో చుట్టుకుని వచ్చి, అక్క ఒడిలో పెట్టి, బండిలోనే కళ్లు మూసుకుంది.

“తండ్రీ, మొన్న అయ్యగారు ప్రార్థన సేసింది కర్రలకి గాదు, మా పిల్లకి. నీకు తెలీదేటి? మేమే తికమకపడిపోనాం. ఆమెన్.”

బండి నడిపే దాదా తల తిప్పి, ఇక బయలుదేరదామా అని అడిగాడు: “మాషీమా, ఏబార్ జాబో?”

“ఠీక్ హై, చలో!” అంది అమ్మ, కళ్లు పూర్తిగా తెరవకుండానే.

మైదానంలో అక్క చెట్టు నీడన కూర్చుని పాత బాణాలను ఒక్కొక్కటే వంచి, అరచేతిలో దొర్లించి, ఒకేలా వంగి, తిన్నగా దొర్లేవాటిని ఏరుకుంది. సాయంత్రం చదివిన జాబితాలో ఆఖరి పేరు ఆమెది. ఆ పేరు వినిపించేసరికి, నిష్పక్షపాతంగా వార్త రాయడానికి వెళ్లిన విలేకరి గట్టిగా ఏడ్చేశాడు.

ఇప్పుడు అక్క రైల్వేలోనే పనిచేస్తోంది. ఈమధ్య ఒకసారి టీ తాగుతూ అడిగాను: “అమ్మ పాతవి తేకపోయి ఉంటే, నిజంగా నావే ఏసీదానివా అక్కా?”

“నీకు పిచ్చేటిరా? నా సంచి అడుగున ఆరు పాతవి ముందే దాసుకున్నాను. నిన్ను దూరంగా కూకోబెట్టి, గెలిస్తే నీ బాణాలతోనే గెలిసినానని సెప్దామనుకున్నాను.”

అక్క నవ్వుతుంటే, నాకు ఆనాటి కుర్రాడు కళ్ల ముందు కదిలాడు. చెబితే నమ్మేవాడే, పాపం. నమ్మి ఊరుకునేవాడూ కాదు, పత్రికలో రాసేసేవాడు.