వ్యాన్‌లో గృహ ప్రార్థన

వ్యాన్‌లో కాపురం అనగానే జనానికి వీడియోల్లో చూసిందే గుర్తొస్తుంది. వెనక తలుపు తీస్తే సరస్సు, చేతిలో కాఫీ, పక్కన కుక్క. నేనూ అవి చూసే చెడిపోయాను. కెనడాలో, కిచెనర్ అనే ఊళ్లో కాంట్రాక్ట్ ఉద్యోగం పోయాక గది ఖాళీ చేసి, పాత వ్యాన్ ఒకటి కొన్నాను. వెనక సీట్లు పీకించి పరుపు వేసుకుంటే ఏనుగెక్కినంత సంబరం! వేసవంతా మాంట్రియల్ దాకా తిరిగాను. నది ఒడ్డున నిద్ర లేస్తూ, ఇంత సుఖం వదులుకుని వీళ్లంతా అద్దెలెందుకు కడుతున్నారా అని లోకం మీద జాలిపడ్డాను కూడా.

నవంబరు రాగానే ఆ పొగరు దిగింది. తెల్లారి లేచేసరికి నా ఊపిరే అద్దాల లోపలివైపు మంచై పేరుకుని ఉండేది. తాగే నీళ్లు డబ్బాలోనే గడ్డకట్టేవి. ఇంజిన్ వేసి పడుకుంటే పొగకి చస్తానని భయం, ఆపితే చలికి చస్తానని భయం. స్నానానికి జిమ్‌కి, వెచ్చదనానికి పక్క ఊరు వాటర్లూలో లైబ్రరీకి పోయేదాన్ని. ఉద్యోగాలకి అప్లై చేసేది కూడా అక్కడే. జనవరి చలికి ఈ బండిలో నేను బతకనని నాకు తెలుసు. ఎవరినైనా ఒక మూల ఇమ్మని అడగాలి. నోరు రాలేదు. మా తెనాలిలో ఇంటికొచ్చినవాళ్లకి మంచం ఇచ్చి చాప మీద పడుకున్న కుటుంబం మాది. ఛీ, నేను అడగడమేమిటి!

అడక్కపోగా ఇంకో ఘనకార్యం చేశాను. మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలుంటాయి. దేవుడు చేసిన మేలు అందరి ముందూ లేచి చెప్పాలి. ఇంకా జరగని మేలు కూడా జరిగిపోయినట్టే చెబితే అదే విశ్వాసమని మా అమ్మమ్మ నేర్పింది. ఓ ఆదివారం నా పక్కన కూర్చున్న గుంటూరు ఆంటీ మోచేత్తో పొడిచి నన్ను లేపింది. ఈ ఊళ్లో నాకు బాగా తెలిసిన మనిషి ఆవిడే. పెద్ద ఇల్లు, కిందంతా ఖాళీ బేస్‌మెంట్. లేచి నిలబడి, "దేవుడు నాకు ఇల్లు ఇచ్చాడు" అనేశాను. అందరూ "స్తోత్రం" అన్నారు. ఒక్క అర నిమిషం, నిజంగానే ఇచ్చాడనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

భోజనాల దగ్గర ఆంటీ పట్టుకుంది.

"కొత్తింట్లో ప్రార్థన లేకుండా ఎలాగమ్మా? శనివారం పెట్టేసుకుందాం. అడ్రస్ పంపించు."

"ఇంకా సర్దలేదాంటీ."

"సర్దేదేముంది, మేమేమన్నా పెళ్లివారమా? పులావు నేను చేసుకొస్తాలే."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఆ వారమంతా జ్వరమన్నాను, ఓనర్ ఒప్పుకోవడం లేదన్నాను. ఆవిడ వదిలే రకం కాదు. శనివారం మధ్యాహ్నం ఫోన్ చేసి, "మిగతావాళ్లకి కుదర్లేదమ్మా, నేనొక్కదాన్నే బయల్దేరా. ఎటు రావాలి?" అంది. నా దగ్గర అబద్ధాలు అయిపోయాయి. వ్యాన్ నిలిపిన పార్కింగ్ ఎక్కడుందో చెప్పాను.

కారు దిగి చుట్టూ చూసింది. "ఇల్లేదమ్మా?"

వ్యాన్ పక్క తలుపు జరిపాను. పరుపు, దుప్పట్ల గుట్ట, కిటికీలకి అంటించిన వెండిరంగు రేకులు, అన్నీ చూసింది. వంగి బూట్లు విప్పి, మంచులో పక్కపక్కన పెట్టి, మేజోళ్లతో లోపలికెక్కింది. పరుపు మీద మోకరించి, చున్నీ తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది.

"ప్రభువా, నీ బిడ్డకిచ్చిన ఈ గృహాన్ని దీవించు తండ్రీ..."

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇది ఇల్లు కాదాంటీ! దీన్ని దీవించకండి. చలికి చచ్చిపోతున్నా ఇందులో. మీ బేస్‌మెంట్‌లో ఓ మూల పడుంటా. నాకు భయమేస్తోందాంటీ."

ప్రార్థన ఆగిపోయింది. ఆవిడ నా తల నిమిరింది. ఏడ్చింది కూడా, ఏడవలేదంటే పాపం. తర్వాత కిందికి దిగి బూట్లు తొడుక్కుంటూ, నా మొహం చూడకుండా అంది: "అంకుల్‌ని అడగాలి కదమ్మా. ఫోన్ చేస్తాలే." పులావు డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు ఆరాధనకి వెళ్లడానికి మొహం చెల్లలేదు. వారమంతా ఫోన్ చేతిలోంచి దించలేదు. మోగలేదు. ఆ పై ఆదివారం ఉండబట్టలేక వెళ్లాను. ప్రార్థన మనవులు చెప్పుకునే సమయంలో ఆంటీ లేచి నిలబడింది.

"మనలో ఒక బిడ్డకి దేవుడు ఇల్లు దయచేయాలని అందరం భారంతో ప్రార్థన చేద్దాం."

పేరు చెప్పలేదు, ఆ మర్యాద దక్కింది. అందరూ తలలు వంచారు. ఆంటీ వంచింది, పక్కన అంకుల్ వంచారు. నేనూ వంచి, అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను.