ప్రయాణాల్లో ఉన్నవారి కోసం

లూసీకి సంఘంలో ఎవరి మీదా గౌరవం మిగల్లేదు. అదేమీ ఒక్కరోజులో పోలేదు, మూడు ఆదివారాలు పట్టింది.

అమెరికాలో, ఎడిసన్‌లో అద్దె హాల్లో నడిచే ఆ తెలుగు క్రైస్తవ సంఘానికి ఆమె పందొమ్మిదేళ్ళుగా వస్తోంది. బాపట్ల నుంచి వచ్చిన నర్సు. పన్నెండు గంటల డ్యూటీ దిగి, నిద్ర కళ్ళతోనే వచ్చి కుర్చీలు వేసేది. ఎవరింట్లో కాన్పయినా, ఎవరి బిడ్డకి జ్వరమొచ్చినా మొదటి ఫోన్ ఆమెకే. భర్త పోయాక ఆమెకి మిగిలింది ఒక్క కూతురు, ఫెబీ. కాలేజీ చదువు చెప్పిస్తారని ఆ పిల్ల నేషనల్ గార్డ్‌లో, అంటే అవసరమైనప్పుడు పిలిచే సైన్యంలో, చేరింది. వరదలొస్తే ఇసుక బస్తాలు మోసే పని అనుకున్నారు తల్లీకూతుళ్ళు. ఈ ఏడు, దేశంలో సగం మందికి పైగా వద్దు మొర్రో అంటున్న యుద్ధం సముద్రాల అవతల మొదలైంది. ఫెబీని ట్రక్కు నడపడానికి అక్కడికి పంపించారు.

సంఘంలో ప్రార్థన మనవులు చీటీ మీద రాసిస్తే సెక్రటరీ షాలేం రాజు చదువుతాడు, పాస్టరు ప్రార్థిస్తాడు. లూసీ ఒక్క వాక్యం రాసిచ్చింది: ‘మా ఫెబీ యుద్ధం నుంచి క్షేమంగా తిరిగి రావాలి.’

షాలేం రాజు ఆ చీటీ చదవలేదు. ఆరాధన అయ్యాక ఆమె దగ్గరికి వచ్చాడు.

“సిస్టర్, ‘మన సైన్యానికి విజయం కలగాలి’ అని కూడా యాడ్ చేద్దామండి. లేకపోతే మనకి దేశభక్తి లేదనుకుంటారు.”

ఈయనకి పౌరసత్వం వచ్చి రెండేళ్ళు, కారుకి జెండాలు రెండు. కొడుకుని మాత్రం డెంటల్ కాలేజీ గుమ్మం దాటనివ్వడు.

పక్కనే ఉన్న దైవాశీర్వాదం మండిపడ్డాడు. ఆయన యుద్ధానికి వ్యతిరేకి. ప్రతి శనివారం రోడ్డు పక్కన ప్లకార్డు పట్టుకుని నిలబడి, ఫొటో దిగి, ఇంటికెళ్ళి కడుపునిండా బిర్యానీ తింటాడు.

“విజయం అన్నారంటే మా పది ఫ్యామిలీలు లేచి వెళ్ళిపోతాయి. అయినా లూసమ్మా, మీ అమ్మాయి తెలిసే కదా జాయిన్ అయింది? ముందు అక్కడ చచ్చిపోతున్న పసిపిల్లల కోసం ప్రార్థించాలి మనం.”

“వాళ్ళ కోసం రోజూ చేస్తున్నానండి,” అంది లూసీ. “మీరు మా పిల్ల కోసం చెయ్యండి.”

ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆ మాట ఇద్దరి చెవికీ ఎక్కలేదు. రెండో వారానికల్లా సంఘం వాట్సాప్ గ్రూపు రెండైంది. ఒకదాని నిండా జెండాలు, రెండోదాని నిండా పావురాలు. ఫెబీ ఎలా ఉందని రెండింటిలోనూ ఎవరూ అడగలేదు.

మూడో ఆదివారం పాస్టరు ఇమ్మాన్యుయేల్, ఆ గోడమీద పిల్లి, పాము చావకుండా కర్ర విరక్కుండా ఉపాయం కనిపెట్టాడు.

“పేరొద్దు, యుద్ధం మాటా వద్దు. ‘ప్రయాణాల్లో ఉన్నవారి కోసం’ అని మన లిస్టులో ఎలాగూ ఉందిగా. అందులో కలిపేద్దాం.”

రెండు పక్షాలూ వెంటనే సరేనన్నాయి. వాళ్ళు ఒక మాట మీదికి రావడం లూసీ చూడటం అదే మొదలు. అలా ఫెబీ, వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్ళిన ఒక బ్రదర్‌కీ, డిస్నీ చూడబోయిన ఒక కుటుంబానికీ మధ్యన చేరింది. ఆ పిల్ల ఫోన్ చేసి అప్పటికి పదకొండు రోజులు.

పాస్టరు కళ్ళు మూసుకుని, “ప్రయాణాల్లో ఉన్న నీ బిడ్డలను కాపాడు తండ్రీ,” అన్నాడు.

లూసీ లేచి నిలబడింది.

“మా పిల్ల ప్రయాణంలో లేదండి అయ్యగారూ. యుద్ధంలో ఉంది. పదిహేడేళ్ళకి చేరాలంటే అమ్మ సంతకం కావాలన్నారు. పెట్టాను. తప్పో ఒప్పో అది నాది, మీరెవరూ మోయక్కర్లేదు. ఫెబీ అని దాని పేరు ఒక్కసారి దేవుడి ముందు పలకండి, చాలు.”

పాస్టరు కళ్ళు తెరిచి షాలేం రాజు వైపు చూశాడు, ఆ తర్వాత దైవాశీర్వాదం వైపు చూశాడు. ఆ రెండక్షరాలు పలికితే ఏ పక్షంలో కలిపేస్తారోనని ఒక్కరూ నోరు విప్పలేదు. ఆమె చేతుల మీదుగా పుట్టిన పిల్లల తల్లులు కూడా తలలు వంచుకునే కూర్చున్నారు.

లూసీ కళ్ళు మూసుకుంది.

“ఫెబీని కాపాడు ప్రభువా,” అని తనే అంది. నూట ఇరవై మంది ఉన్న ఆ హాల్లో ఆమేన్ కూడా తనే చెప్పుకుంది.