లాడ్జి పెద్దమ్మ ఇచ్చిన ముందు గది

మొన్న ఖమ్మం బస్టాండులో భద్రాచలం బస్సు డ్రైవరు ఒకాయన నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. "మేడమ్, మీ లాడ్జి పెద్దమ్మ పోయింది. నిద్రలనే పానం పోయిందంట" అన్నాడు. ఆమె నాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. అయినా అక్కడే బెంచీ మీద కూలబడి, నలుగురూ చూస్తున్నా ఏడ్చాను. నా ఉద్యోగం నిలబడింది ఆమె వల్ల. ఆ సంగతి మీకు చెప్పాలి.

ఎనభైల మొదట్లో నేను ఒక కుట్టుమిషన్ల కంపెనీలో చేరాను. ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు మిషన్ మీద కుట్టడం చూపించి, ఆర్డర్లు తేవడం పని. భద్రాచలం లైను అంతవరకూ మగవాళ్ళదే. నేను పట్టుబట్టి అడిగితే మా ఆఫీసరు గారు, "సరే, ఒక్క టూరు చేసి చూడు. ఉండడానికి మర్యాదైన చోటు దొరక్కపోతే మాత్రం లైను ఇంకొకరికి ఇచ్చేస్తాను" అన్నారు. అది ఉత్త బెదిరింపు కాదు. ఒంటరి ఆడదానికి లాడ్జిలో గది ఇచ్చే రోజులు కావవి. భద్రాచలంలో బస్సు దిగి ఎక్కిన మొదటి లాడ్జి గడపలోనే "మగోళ్ళు లేకుంటే రూమియ్యం" అన్నారు.

రెండోది పెద్దమ్మ లాడ్జి. సున్నం వేసిన గోడలు, ఇనప మంచాలు, శుభ్రంగా ఉతికిన దుప్పట్లు. భక్తుల కంటే ఎరువుల కంపెనీల వాళ్ళు, మందుల కంపెనీల వాళ్ళే అక్కడ ఎక్కువ దిగేవారు. కౌంటరు వెనక బుగ్గన వక్క పెట్టుకుని కూర్చున్న ఆమె, నన్నూ నా చేతిలోని చెక్కపెట్టెనూ ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"పిలగాడు ఏ బస్సుకొస్తుండు బిడ్డా?"

ఏ పిలగాడో నాకు అర్థం కాలేదు. ఇంట్లో చెప్పకుండా వచ్చి రాములవారి గుళ్ళో పెళ్ళి చేసుకునే జంటలు ఆ ఊళ్ళో మామూలేనట. ఎవరికీ అనుమానం రాకుండా పిల్ల ముందు బస్సులో, పిల్లవాడు వెనక బస్సులో దిగుతారట. పెట్టెలో పెళ్ళిచీర ఉందనుకుంది! మూత తీసి మిషన్ చూపించేసరికి పడీపడీ నవ్వింది. "అయ్యో, నేను తలంబ్రాల బియ్యం గూడ తీద్దామనుకున్న" అంది.

"లోపల మీ పక్కన చిన్న గది ఏదైనా ఇవ్వండి పెద్దమ్మా. ఎవరి కంటా పడకుండా ఉంటాను" అన్నాను.

"నువ్వేం తప్పు చేసినవని దాక్కుంటవ్? దాపెడితే దొంగతనమనుకుంటరు బిడ్డా. ఎదురుగుంటే ఉద్యోగమనుకుంటరు."

అలా అని, మేడ మీద వీధివైపు గది ఇచ్చింది. లాడ్జి మొత్తానికి మంచి గది అదే. దానికి అలవాటు పడ్డ ఎరువుల కంపెనీ ఆయన మూతి ముడుచుకున్నాడు.

"నా రూము ఆమెకిస్తివేంది పెద్దమ్మా?"

"ఏం, నీ అత్తగారు రాసిచ్చిందా ఆ రూము? ముందొచ్చినోళ్ళకే ముందు. పో, ఎనక రూముల పండు."

మర్నాడు ములకలపల్లి వెళ్ళి తిరిగి వచ్చేసరికి కౌంటరు దగ్గర మా ఆఫీసరు గారు! చెప్పకుండా వచ్చారు. "ఆడమనిషి ఒంటరిగా దిగితే మీ లాడ్జికి చెడ్డపేరు రాదా అమ్మా?" అని ఆమెను అడుగుతున్నారు.

"నా లాడ్జి పేరు నేను చూసుకుంట సారూ. మీ మిషన్ పేరు ఆమె చూసుకుంటది" అంది పెద్దమ్మ, వక్క నములుతూనే. "మీకు గిట్ల రూము కావాల్నా? జల్దీ చెప్పుర్రి. ముందు గది మాత్రం లేదు, ఆమెకిచ్చిన."

ఆయన వెనక గదిలోనే పడుకున్నారు. తెల్లారి బస్సెక్కుతూ, "ఈ లైను నువ్వే చూసుకో" అన్నారు. ఆ లైను మీదే నేను పిల్లల్ని చదివించుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను.

ఆమె పద్ధతులు ఆమెవి. తలుపు కొట్టకుండా ఏ గదిలోకీ వచ్చేది కాదు. ఎవరి గురించీ ఇంకొకరికి చెప్పేది కాదు. శ్రీరామనవమికి ఊరు కిక్కిరిసిపోయినా, పని మీద వచ్చేవాళ్ళ కోసం ఒక గది ఆపి ఉంచేది. భక్తులు పోట్లాడితే, "దేవుని కోసం వచ్చినోళ్ళు గోదారొడ్డున పండినా పుణ్యమే. డ్యూటీకి వచ్చినోళ్ళకు నిద్ర కావాలె" అనేది.

పోయిన ఏడు లాడ్జికి దుప్పట్లు కొనడానికి తనే ఖమ్మం వచ్చింది. మా ఇంట్లో ఉండమని ఎంతో బతిమాలాను. "పని మీదొచ్చిన బిడ్డా. ఇంట్ల ఉంటే ముచ్చట్లయితయి, పని గాదు" అని బస్టాండు దగ్గర లాడ్జిలో దిగింది. పొద్దున్నే చూడబోతే కింద హాల్లో, పేపర్లు చదువుకునే మగవాళ్ళ మధ్య, కుర్చీలో ఒక కాలు మడిచి పెట్టుకుని కూర్చుని ఉంది. "చదివిన పేజీ ఇటియ్యి నాయనా" అంటోంది పక్కాయనతో. ఆయన గబగబా విడదీసి ఇచ్చాడు. ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని, పేజీని రెండు చేతులా బార్లా చాపి, అటువాళ్ళూ ఇటువాళ్ళూ కాస్త జరిగి చోటిచ్చేదాకా అలాగే పట్టుకుని చదువుకుంది.