పసుపు ముట్టిన చెయ్యి

ఈసారి పంచాయతీ ఓట్లు మా ఊరి బడిలో పెట్టారు. బడి గోడకు అవతలే మిరప కల్లం. పొద్దున్నే కాయ తిరగేస్తున్నారేమో, ఆ ఘాటు వరండాలోకి కొట్టి, వరసలో ఉన్న ఆడవాళ్లందరం ఒక్కసారే దగ్గడం మొదలుపెట్టాం. లోపల కూర్చున్న ఆఫీసరమ్మ టౌను మనిషి, రుమాలు అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు తుడుచుకుంది. నా ముందున్న మనిషి చెంగు మడిచి పళ్ల మధ్య బిగించుకుంది. అది చూడగానే నాకు వెంకాయమ్మ పిన్ని గుర్తొచ్చింది. కోతల్లో దగ్గు వస్తే ఆవిడ పని ఆపేది కాదు. అలాగే చెంగు బిగించి, కళ్లు ఎర్రబడినా సాలు చివరిదాకా వెళ్లేది. ఆవిడను ఎరిగినవాళ్లు మా వీధిలో ఇప్పుడు దాదాపు లేరు. అందుకే రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులు మనవరాలు దిద్దుతుంది. అక్షరం దిద్దు గాని మాట మార్చావంటే ఊరుకోనని చెప్పాను.

వెంకాయమ్మ పిన్ని నాకు చుట్టం కాదు. నేను కాపరానికి వచ్చినప్పుడు మా పక్కింట్లో ఉండేది. భర్త పోయాడు, ఒంటి మనిషి. మిరప కోతలకు వెళ్లే మా వీధి ఆడవాళ్ల ముఠాకు ఆవిడే మేస్త్రి. మా ముఠాకు ఒక పద్ధతి ఉండేది. ఒక్కరు తక్కువైనా ఎవరం చేలోకి దిగేవాళ్లం కాదు. ఆవిడ గట్టు మీద నిలబడి "ఊఁ, కానివ్వండి" అంటే అందరం ఒకేసారి వంగేవాళ్లం. ఆవిడ అందరికంటే వెనక నడుస్తూ మేం వదిలేసిన కాయలు చూసుకుంటూ వచ్చేది. మొదటి ఏడు ఒకసారి నన్ను వెనక్కి పిలిచింది.

"ఏమే సుబ్బులూ, ఈ కాయ ఎవరికోసం వదిలావు?"

"చిన్నకాయలే పిన్నీ."

"చిన్నదని రైతు దానికి నీళ్లు తక్కువ పెట్టాడా? కోసి సంచిలో వెయ్యి."

నన్ను పిసినారి అని కోడళ్లు చాటుగా నవ్వుకుంటారు. నాకు తెలుసు. ఆ గుణం నాకు ఆ సాలులోనే అబ్బింది.

ఊళ్లో ఎక్కువ మిరప మా ప్రెసిడెంటు గారిదే. మాకు కోతపనీ ఆయన చేలోనే, తాగే నీళ్లూ ఆయన బోరు దగ్గరే. వీధికి కుళాయి లేదు. ఒక ఏడు వానలు సరిగా పడలేదు. బోరు సన్నగా పోసేది. పొద్దున్నే బిందెలతో వెళ్తే ముందు మందు కొట్టే డ్రమ్ములు నిండాలనేవాళ్లు. చేలో తెగులు ఆగదు, మీ దాహం ఆగుతుందిలే అన్నాడు ఒక పాలేరు. ఎండెక్కేదాకా నిలబడేవాళ్లం. మా ముఠాలో నాంచారి అని ఒకావిడ ఉండేది, నోటికి అదుపు లేదు. "వచ్చే జన్మలో మిరప మొక్కనై పుడతానే. తెల్లారేసరికి మొదలుకు నీళ్లు పోస్తారు" అంది. అందరం నవ్వాం. వెంకాయమ్మ పిన్ని నవ్వలేదు.

ఆ ఏడే కోతల ముందు పంచాయతీ ఓట్లు వచ్చాయి. ప్రెసిడెంటు గారి మీద పాలకేంద్రం నడిపే కోటయ్య నిలబడ్డాడు. వీధికి కుళాయి వేయిస్తానన్నాడు. ఓట్లకు ముందు ప్రెసిడెంటు గారు మమ్మల్ని తన కల్లంలోకి పిలిపించారు. పళ్లెంలో పసుపు ముద్ద, అక్షింతలు పెట్టి ఉన్నాయి. ఆ రోజుల్లో అదొక అలవాటు. పసుపు ముట్టి మాటిస్తే ఇక తప్పరని నమ్మకం. ఒక్కొక్కరినీ ముట్టమని ఆయన మనిషి పిలవబోతే ఆయనే ఆపారు.

"అంతమందితో ఎందుకురా? మేస్త్రి ముడితే ముఠా అంతా ముట్టినట్టే. రావే వెంకాయమ్మా."

ఆవిడ వెళ్లింది. "నా మాట నేను ఇస్తానండీ" అంది.

"నీ మాటంటే వాళ్ల మాట కాదా ఏంటి?" అని ఆయన నవ్వారు. ఆవిడ పసుపు ముట్టింది.

దారిలో నాంచారి అడిగింది. "అయితే అందరం ఆయనకే గుద్దాలన్నమాట."

"నేను చెప్పానా? పసుపు ముట్టింది నా చెయ్యి. మీ చేతులకి మరకైనా అంటలేదుగా."

"మరి ఎవరికి వెయ్యమంటావు?"

"రేపు కూరేం వండాలో కూడా నన్నే అడుగుతారా? నడవండే, పొయ్యి మీద ఎసరు పెట్టాలి."

అంతకు మించి ఆవిడ ఓట్ల గురించి మాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజూ మాట్లాడలేదు, ఆ తర్వాతా మాట్లాడలేదు. ఓటు నాడు వరసలో నిలబడి కూడా కందుల ధర గురించే మాట్లాడింది. మా ఆయన ప్రెసిడెంటు గారికే వెయ్యమని నాకు ఇంట్లో గట్టిగా చెప్పి పంపాడు. ఓటు వేసే అట్ట చాటుకు వెళ్లాక నేను ఒక్కదాన్నే. ముద్ర చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అక్కడ ఏం చేశానో మా ఆయనకు బతికుండగా చెప్పలేదు, ఇక్కడా రాయను.

సాయంత్రం వార్డుల వారీగా లెక్కపెట్టారు. ఊరు మొత్తం మీద ప్రెసిడెంటు గారే గెలిచారు. మా వార్డు పెట్టె విప్పితే మాత్రం లెక్క తిరగబడింది. ఆయనకు పడ్డవి వేళ్ల మీద లెక్కపెట్టుకునేటన్ని. మిగతావన్నీ కోటయ్యవే.

మర్నాడు మళ్లీ కల్లంలోకి పిలుపు వచ్చింది. ఆయన అరవలేదు. అరిచి ఉంటే అంత భయం వేసేది కాదు. మంచం మీద కూర్చుని నెమ్మదిగా అన్నారు.

"ఆడవాళ్లు ఎవరికి వాళ్లుగా ఇంత పని చెయ్యరు. ఎవరో చెప్పి ఉంటారు. ఆ మనిషెవరో చెప్పండి, మిగతావాళ్లు రేపు కోతకు దిగండి. లేదంటే పక్క ఊరి ముఠాను దింపుతా."

కోతలు పోతే మా వీధిలో ఏడాది గడవదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఆయన మమ్మల్ని ఏళ్ల తరబడి చేలోనే చూశారు. ఒక్క మాటకు అందరం ఒకేసారి వంగడం చూసి, అట్ట చాటున కూడా అలాగే ఒక్క మాటకు గుద్ది ఉంటామనుకున్నారు. అక్కడ మాకు ఏ మేస్త్రీ లేదు. ఎవరి బిందె వాళ్లకు గుర్తొచ్చింది, అంతే. ఆ మాట చెబితే ఆయన నమ్మేవారు కాదు.

"నేనేనండీ చెప్పింది" అంది వెంకాయమ్మ పిన్ని.

"పసుపు ముట్టి?"

"ముట్టే."

నా నోరు ఆగలేదు. "లేదండీ, పిన్ని అసలు ఏమీ..."

"నోర్ముయ్యవే! పెద్దవాళ్ల మధ్యలో నువ్వేంటి?" అని కసిరింది. నన్ను అంతకు ముందు ఎన్నడూ అలా కసరలేదు.

"మాట తప్పిన మనిషి నా గట్టు ఎక్కడానికి వీల్లేదు" అన్నారాయన.

మర్నాడు తెల్లారకముందే ఆవిడే ఇంటింటికీ వచ్చి తలుపు కొట్టింది. "లేవండే, పొద్దెక్కితే ఘాటు కొడుతుంది" అంది. ఒక్కరు తక్కువైనా దిగని ముఠా ఆ రోజు దిగింది. దింపింది ఆవిడే. గట్టు దాకా వచ్చి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

పని పోవడం ఒక్కటే అయితే ఆవిడ తట్టుకునేది. పసుపు ముట్టి మాట తప్పిందన్న పేరు ఊరంతా పాకింది. ఆయనకు జడిసి మిగతా రైతులూ ఆవిడను పిలవలేదు. ప్రతి వేసవిలో వడియాలకూ అప్పడాలకూ ఆవిడ చెయ్యే పడాలని పిలిచేవాళ్లు, అదీ మానేశారు. ముఠాలో ఉన్న మాకు నిజం తెలుసు. మేం బయట చెప్పబోతే ఆవిడే ఊరుకోనిచ్చేది కాదు. "నా పేరు పోతే పోయింది. మీ కోత పోతే తింటారా దాన్ని?" అనేది. ఏడాది తిరక్కముందే ఇల్లు తాళం వేసి గుంటూరు పక్కన నల్లపాడులో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది.

చాలా ఏళ్లకు మా ఆయన కంటి ఆపరేషన్‌కు గుంటూరు వెళ్లినప్పుడు వెతుక్కుంటూ వెళ్లాను. ఒక రేకుల షెడ్డులో గోనెపట్టా మీద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. సగమైపోయింది మనిషి. నన్ను గుర్తుపట్టి, పక్కన చోటిచ్చి, నా ముందుకూ ఒక కుప్ప నెట్టింది. ఊరికే కూర్చోవడం ఆవిడకు గిట్టదు. ఇద్దరం తొడిమలు తీస్తూ కూర్చున్నాం. ఆగలేక అడిగాను.

"నువ్వు ఎవరికీ ఏమీ చెప్పలేదుగా పిన్నీ. ఇంతకీ నీ ఓటు ఎవరికి వేశావు?"

"అట్ట చాటున ఎందుకే మనల్ని నిలబెట్టేది?"

"ఎవరూ చూడకూడదని."

"మరి నువ్వు తొంగి చూస్తావేం?" అని నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. తేరుకుని అడిగింది. "కుళాయి వేశారా?"

"లేదు పిన్నీ."

ఇంకో కాయ తీసుకుని తొడిమ తుంచింది. ఆవిడ పోయిన కబురు నాకు దినాలు కూడా అయిపోయాక అందింది. కుళాయి ఆ తర్వాత వచ్చింది.

ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆవిడలో నేనెప్పుడూ చూడలేదు. అందుకని ఆయనకు మా వార్డులో పడ్డ ఆ కాసిని ఓట్లలో ఆవిడదీ ఒకటని నా నమ్మకం. మాట నిలబెట్టుకున్న మనిషే మాట తప్పిందనిపించుకుని ఊరు విడిచింది. కాదేమో, ఆవిడకూ బిందె గుర్తొచ్చిందేమో. ఆవిడ చెప్పి ఉంటే నాకు నిద్ర పట్టేది. చెప్పకపోవడమే న్యాయమని ఇప్పుడు తెలుస్తోంది గాని, ఆ న్యాయం ముల్లులా గుచ్చుతూనే ఉంది.

మొన్న ఓట్లకు ముందు ఒక కుర్ర నాయకుడు మా ఇంటికి వచ్చాడు. "మామ్మగారూ, మీ ఇంట్లో ఓట్లన్నీ మావేగా?" అన్నాడు.

"కొడుకులవి కొడుకులనడుగు. కోడళ్లవి కోడళ్లనడుగు."

"మరి మీది?"

"ఎండన పడి వచ్చావు, మజ్జిగ తాగి వెళ్లు నాయనా."

ఓట్లయ్యాక లెక్కింపుకు ఊరంతా బడి దగ్గరికి పోయింది. నేను వెళ్లలేదు. గెలిచినవాళ్లు మేళాలతో తిరిగినంతసేపూ తిరిగారు. ఆ తర్వాత వీధి సద్దుమణిగింది. ఎవరో ఒకరు మా వీధిలోకి వచ్చి, మీకు చెప్పిందెవరని ఏ ఆడమనిషినైనా నిలదీస్తారేమోనని, చీకటి పడేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను.